పిట్ట కొంచెం, ఊపిరి ఘనం

"అమ్మా, మూడు సిలిండర్ల కారు కొనొచ్చా?" అని మా పెద్దమ్మాయి ఫోన్లో అడిగింది.

గ్యాసు సిలిండరు తప్ప మరో సిలిండరు సంగతి నాకు తెలియదని దానికీ తెలుసు. అది అడిగింది నిజానికి నన్ను కాదు, పక్కనే వాలుకుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్న వాళ్ల నాన్నగారిని. ఆ తండ్రీకూతుళ్ల మధ్య రాయబారం చిన్నప్పటి నుంచీ నా మీదుగానే నడుస్తోంది.

అమ్మాయి ఉండేది ఇంగ్లండులో, షెఫీల్డు అనే ఊళ్లో. ఆసుపత్రిలో ఉద్యోగం. వారానికి మూడు రాత్రుళ్లు డ్యూటీ. అల్లుడి ఉద్యోగం మరో ఊళ్లో, శనాదివారాలకి వచ్చిపోతుంటాడు. ఇంట్లో మూడేళ్ల పాప. షెఫీల్డును ఏడు కొండల మీద కట్టిన ఊరంటారట. ఏడు కొండలంటే మనకు ఒక్క ఊరే గుర్తొస్తుంది గానీ, అక్కడి కొండల మీద దేవుడు లేడు, దిగితే మంచు, ఎక్కితే చలిగాలి. తెల్లవారుజామున డ్యూటీ దిగి, పాపను చూసే ఆవిడ ఇంటికి వెళ్లి, దాన్ని దుప్పట్లో చుట్టుకుని బస్సు కోసం నిలబడడం ఇక నావల్ల కాదంది. ఏడాది పాటు డబ్బు కూడబెట్టి ఒక పాత కారు చూసుకుంది. 2012 నాటి నిస్సాన్ మైక్రా. చిన్న పెట్రోలు ఇంజను, మూడే సిలిండర్లు, పైగా దానికి సూపర్‌ఛార్జరని ఒకటి ఉందిట.

ఆయన పేపరు మడిచారు. "నాలుగుండవలసిన చోట మూడు పెట్టి, ఆ మూడింటి చేతా నాలుగింటి చాకిరీ చేయించడానికి వెనక నుంచి గాలి కొడతారా? ఎన్నాళ్లు బతుకుతుందది? వద్దని చెప్పు" అన్నారు.

నాలుగింటి చాకిరీ అన్న మాట వినగానే, ఎందుకో చెప్పలేను గానీ, ఆ ఇంజను మీద నాకు చెడ్డ జాలి కలిగింది. "వారం రోజులాగు, చెబుతాను" అన్నాను అమ్మాయితో. ఆ వారం నెలయింది. ఆ నెల్లాళ్లలో దొరికిన పుస్తకమల్లా తిరగేసి నేను తెలుసుకున్న కథ ఇది. ఇందులో ఆడవాళ్లు కూడా ఉన్నారని ముందే తెలిస్తే ఇంకా ముందే చదివేదాన్ని.

* * *

ముందు ఈ మూడు సిలిండర్ల గొడవేమిటో చూద్దాం.

మా అమ్మమ్మగారి ఊళ్లో సంక్రాంతి ముందు అరిసెల పిండి దంచేవారు. రోలు ఒకటే, రోకళ్లు మూడు. ఒకావిడ రోకలి కింద పడేటప్పటికి రెండో ఆవిడది లేస్తుండేది, మూడో ఆవిడది తలపైన ఉండేది. ఒకదానికొకటి తగలకుండా, వరస తప్పకుండా, "హుఁ, హుఁ" అంటూ సాగిపోయేది దంపుడు. మూడు సిలిండర్ల ఇంజను అచ్చంగా అంతే. గొట్టంలో పిస్టను రోకలిలా పైకీ కిందికీ ఆడుతుంది. పెట్రోలు కలిసిన గాలిని పీల్చుకోవడం, నొక్కడం, మండించడం, పొగను బయటికి తోసెయ్యడం, ఇవీ దాని నాలుగు పనులు. నాలుగింటిలో బండిని లాగేది ఆ మండే దెబ్బ ఒక్కటే. ఇరుసు రెండు చుట్లు తిరిగేలోగా ప్రతి సిలిండరూ ఒక్కొక్క దెబ్బ వేస్తుంది. నాలుగుంటే నాలుగు దెబ్బలు, మూడుంటే మూడు.

మూడున్నచోట దెబ్బకీ దెబ్బకీ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది. అందుకే బండి నిలబడి ఉన్నప్పుడు సన్నగా వణుకుతుంది. ఇంకొకటి కూడా ఉంది. మూడు సిలిండర్లూ ఒకే వరసలో ఉంటాయి కనక, ముగ్గురు మనుషులు ఒక పొడుగుబల్ల మీద వరసగా నిలబడి దంచుతుంటే బల్ల ఈ కొసా ఆ కొసా తూగినట్టు ఇంజను కూడా తూగుతుంది. దాన్ని సరిపెట్టడానికి ఇరుసు చివర్ల బరువులు కడతారు, లేకపోతే ఎదురు తిరిగే మరో ఇరుసు పెడతారు. పొయ్యికి మూడు రాళ్లుంటే కదలదని మనకు తెలుసు. ఇంజనుకు మాత్రం మూడుంటేనే కదులుతుందిట!

మరి మూడెందుకు పెట్టినట్టు? సామాను తక్కువ. రాపిడి తక్కువ. బరువు తక్కువ. రాపిడి తగ్గితే పెట్రోలు మిగులుతుంది. ఏ సంసారమైనా అంతే కదా, తక్కువ గిన్నెలతో వంట చేస్తే తోముకునేవీ తక్కువే.

చిక్కంతా ఎక్కడొస్తుందంటే, ఎత్తు ఎక్కవలసి వచ్చినప్పుడు.

* * *

ఈ ఎత్తు చిక్కును ప్రపంచంలో మొదట రోడ్డు మీద ఎదుర్కొన్నది ఒక ఇల్లాలు. 1888 ఆగస్టులో జర్మనీలో మాన్‌హైం ఊళ్లో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త కార్ల్ బెంజ్‌కు చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండి తీసుకుని, ఇద్దరు మగపిల్లల్ని ఎక్కించుకుని పుట్టిల్లు ఉన్న ఫోర్జ్‌హైముకు బయల్దేరింది. సుమారు 106 కిలోమీటర్లు. ఆ బండికున్నది ఒకే ఒక్క సిలిండరు. భర్త కనిపెట్టిన బండిని జనం నమ్మడంలేదని, నమ్మించాలంటే నడిపి చూపించాలని ఆవిడ పంతం. తన కట్నం డబ్బు కూడా ఆ బండిలోనే ఉంది మరి!

దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఒక తీగ రాచుకుని తోలు ఊడితే తన మేజోడు పట్టీ విప్పి చుట్టింది. ఇంధనం అయిపోతే వీస్‌లోహ్ ఊళ్లో మందుల షాపుకి వెళ్లి, మరకలు పోగొట్టడానికి వాడే ద్రవం కొని పోసింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. కానీ ఎత్తు వచ్చినచోట మాత్రం ఆవిడ చేతిలో మంత్రమేమీ లేదు. పిల్లలు దిగి తోశారు. తిరిగొచ్చాక భర్తకు చెప్పిన మొదటి మాటల్లో ఒకటి, ఎత్తులు ఎక్కడానికి ఇంకో గేరు కావాలని. ఆయన పెట్టాడు.

బండి మన్నికను రోడ్డు మీద తేల్చిన మొదటి పరీక్ష ఇదేనని నాకనిపించింది. ఆ పరీక్షలో ఆవిడ నెగ్గింది. బండి చెడకపోవడం వల్ల కాదు, చెడినప్పుడల్లా ఏం చెడిందో చూసి సరిచేసుకోవడం వల్ల.

గేరు ఒక ఉపాయం. రెండో ఉపాయం ఊపిరి.

* * *

గ్యాసు రాకముందు వంటిల్లు చూసినవాళ్లకు ఊదుగొట్టం సంగతి చెప్పనక్కర్లేదు. పొయ్యిలో కట్టెలు అవే, పొయ్యీ అదే. గొట్టంతో నాలుగు ఊదులు ఊదితే మంట భగ్గున లేస్తుంది. గాలి ఎక్కువ పోతే ఎక్కువ మండుతుంది. సూపర్‌ఛార్జరంటే ఇంజనుకు పెట్టిన ఊదుగొట్టమే. ఇంజను తనంతట తాను పీల్చుకోగలిగిన దానికంటే ఎక్కువ గాలిని లోపలికి నొక్కి పంపుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండించవచ్చు, దెబ్బ గట్టిగా పడుతుంది. చిన్న ఇంజను కాసేపు పెద్ద ఇంజనవుతుంది.

ఈ గాలిమర పుట్టింది మోటారుకోసం కాదు, గొర్రె బొచ్చు కోసం. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో కానర్స్‌విల్ ఊళ్లో రూట్స్ అనే ఇంటిపేరుగల అన్నదమ్ములిద్దరికి ఉన్ని మిల్లు ఉండేది. మిల్లును తిప్పే నీటిచక్రం బాగాలేదని కొత్తరకం ఒకటి చేశారు. డబ్బాలో రెండు చెక్క రెక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఎదురెదురుగా తిరుగుతాయి. నీళ్లు తగిలేసరికి చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. ఆరబెట్టి, గీకి, ఉత్తినే తిప్పి చూస్తే గాలి ఈదరబాదరగా కొట్టిందిట. నీటికి పనికిరానిది గాలికి పనికొస్తుందని తెలిసింది. 1860లో దానికి పేటెంటు పుచ్చుకున్నారు. ఇనుము కరిగించే కొలుములకు తిత్తులకు బదులు అవి వాడుకలోకొచ్చాయి. వండిన కూర చెడిపోతే దాన్నే పచ్చడి చేసి మెప్పు పొందడం మనకు కొత్తా?

గాలిని ఇంజనులోకి ముందే నొక్కి పంపవచ్చునని 1885లో గాట్‌లీబ్ డైమ్లర్ పేటెంటు తీసుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధం నాటికి విమానాలవాళ్లకు ఇది అత్యవసరమైంది. పైకి పోయినకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజనుకు ఆయాసం వస్తుంది. యుద్ధం అయ్యాక అదే విద్య రోడ్డు మీదికి దిగింది. 1921లో బెర్లిన్ ప్రదర్శనలో మెర్సిడెస్ వాళ్లు సూపర్‌ఛార్జరు గల కార్లు అమ్మకానికి చూపించారు. కాలు గట్టిగా నొక్కితే గాలిమర అందుకుంటుంది, తీస్తే విడిపోతుంది.

ఇక్కడే మావారి ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది. పనైతే చేస్తుంది సరే, ఎన్నాళ్లు?

* * *

దీనికి జవాబు ఒక ఆడకూతురి డబ్బుతో దొరికింది. డొరొతీ పాజెట్ అని ఇంగ్లండులో పెద్దింటి బిడ్డ. తండ్రి ప్రభువు, తల్లి అమెరికా కోటీశ్వరుల ఇంటి పిల్ల. 1905లో పుట్టింది. ఆ రోజుల్లో బెంట్లీ కార్లంటే గొప్ప పేరు. టిం బర్కిన్ అనే పందెగాడు, ఆ నాలుగున్నర లీటర్ల బెంట్లీకి సూపర్‌ఛార్జరు తగిలిస్తే ఎదురుండదన్నాడు. కార్ల సృష్టికర్త డబ్ల్యు. ఓ. బెంట్లీకి అది సుతరామూ ఇష్టం లేదు. వేగం కావాలంటే ఇంజను పెద్దది చేసుకోవాలి గానీ గాలి కొట్టకూడదని ఆయన మతం. బర్కిన్‌కు డబ్బు సర్దింది డొరొతీ. మామూలుగా 110 అశ్వశక్తి ఇచ్చే ఇంజను, గాలిమర తగిలించేసరికి రోడ్డు కారులోనే 175 ఇచ్చింది.

1930లో ఫ్రాన్సులో లమా 24 గంటల పందెం. డొరొతీ జట్టు గాలిమర బెంట్లీలూ వచ్చాయి, గాలిమర లేని పెద్ద ఆరున్నర లీటర్ల బెంట్లీలూ వచ్చాయి. బర్కిన్ మెర్సిడెస్‌ను వెంటాడి వేగంలో దడదడలాడించాడు. తీరా చూస్తే ఏముంది? మెర్సిడెస్ ఆగిపోయింది. గాలిమర బెంట్లీలూ ఒక్కటొక్కటే ఆగిపోయాయి. హడావిడి లేకుండా సాగిన పెద్ద బెంట్లీ గెలిచింది. గాలిమర బెంట్లీ లమాలో ఎన్నడూ గెలవలేదు. ఆ ఏడాదే ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో మాత్రం రెండో స్థానం తెచ్చుకుంది.

ఏడాది తిరక్కుండా డొరొతీ ఈ వ్యవహారం వదులుకుని గుర్రాల వైపు మళ్లింది. ఆవిడ గుర్రం గోల్డెన్ మిల్లర్ చెల్టెనం గోల్డ్ కప్పును 1932 నుంచి 1936 దాకా వరసగా అయిదుసార్లు గెలిచింది. అయిదేళ్లు ఆగకుండా మన్నడమంటే అదీ!

ఆ బెంట్లీలు ఎందుకు ఆగిపోయినట్టు? గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినవాళ్లకు ఆ సంగతి వేలికే తెలుసు. వేడిగాలి, దాని మీద ఎక్కువ మంట, దాని మీద ఎక్కువ ఒత్తిడి. వేడి మరీ ఎక్కువైతే పెట్రోలు నిప్పురవ్వ పడకముందే పేలుతుంది. రోకలి పైకి లేస్తుండగా కింద నుంచి ఎవరో ఎదురుకొట్టినట్టన్నమాట. పిస్టన్లు కరుగుతాయి, మూతల మధ్య పట్టీలు కాలిపోతాయి. మన పంపు స్టవ్వులు గుర్తు చేసుకోండి. అందులో గాలి తోసేది కిరసనాయిల్ని, ఇక్కడ గాలే లోపలికి పోతుంది, అంతే తేడా. నాలుగు పంపులు కొడితే అన్నం త్వరగా ఉడికేది. నలభై కొడితే ఇంట్లోవాళ్లందరూ వీధిలోకి పరుగెత్తేవాళ్లం.

కాబట్టి మావారు అన్నది ఒట్టి మాట కాదు. 1930లో ఆయన మాటే నెగ్గింది.

* * *

గాలిమర సంగతి అలా ఉండగా, మూడు సిలిండర్ల మాటేమిటి?

జర్మనీలోనే డి.కె.డబ్ల్యు. అని ఒక సంస్థ ఉండేది. డెన్మార్కు నుంచి వచ్చిన రాస్ముసెన్ పెట్టింది. ఆ అక్షరాలకు మొదట ఆవిరిబండి అని అర్థం. తరవాత జనం చిన్న అద్భుతం అని విడగొట్టి చెప్పుకున్నారు. 1953లో వాళ్లు మూడు సిలిండర్ల కారు తెచ్చి దాని మీద 3=6 అని రాసుకున్నారు. ఆ లెక్క మా లెక్కల మాస్టారు చూస్తే చెవి మెలిపెట్టేవారు. కానీ అది నిజమే. ఆ ఇంజనులో పిస్టను వేసే ప్రతి రెండో దెబ్బా పని చేసేదే, కనక మూడు సిలిండర్లు ఆరింటన్ని దెబ్బలు వేస్తాయి. కవాటాలూ అవీ లేవు. మూడు పిస్టన్లు, మూడు కడ్డీలు, ఒక ఇరుసు: కదిలేవి మొత్తం ఏడే. చెడడానికి సామానే లేకపోతే ఏం చెడుతుంది?

దాన్ని చూసి స్వీడనులో శాబ్ వాళ్లు 1955లో మూడు సిలిండర్ల కారు మొదలుపెట్టారు. ఎరిక్ కార్ల్‌సన్ ఆ చిన్న కారుతో మంచుకొండల మీద జరిగే మాంటికార్లో ర్యాలీని 1962లోనూ 1963లోనూ గెలిచాడు. అక్కడ ఎంత వేగంగా పోయావన్నది ఒక్కటే కాదు, గమ్యం చేరావా లేదా అన్నది కూడా ముఖ్యం. ర్యాలీల్లో మగవాళ్లతో సమంగా నడిపిన పాట్ మాస్ ఆయన్ను 1963లో పెళ్లాడింది. ఆవిడా ఆ తరవాత శాబ్ నడిపింది.

అయితే ఆ ఇంజనుకూ ఒక గుణముంది. దానికి నూనె పెట్రోల్లోనే కలిపి పొయ్యాలి. దిగుడులో కాలు తీసేస్తే పెట్రోలుతోపాటు నూనె కూడా అందక బిగుసుకుపోయే ప్రమాదం. అందుకని దిగుడులో చక్రాలు ఇంజనును వదిలి వాటంతట అవి దొర్లే ఏర్పాటు చేశారు. పొగ కూడా ఎక్కువ. కాలక్రమాన ఆ రకం ఇంజన్లు పోయాయి, మూడు అన్న అంకె మాత్రం మిగిలింది.

అది మన ఇంటికీ వచ్చింది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి తాళంచెవులు ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి హర్‌పాల్ సింగ్‌కు ఇచ్చారు. 796 సి.సి. ఇంజను, మూడే సిలిండర్లు. అగ్గిపెట్టె అన్నారు, గాలికి ఎగిరిపోతుందన్నారు. ఆ అగ్గిపెట్టెలు పాతిక లక్షలకు పైగా తయారై, 2014 జనవరి దాకా ఫ్యాక్టరీ నుంచి వస్తూనే ఉన్నాయి. మనవాళ్లు నమ్ముకున్న అంబాసిడరు తయారీ కూడా అదే ఏడు మే నెలలో ఆగింది. మన దేశంలో ఎందరో ఆడవాళ్లు స్టీరింగు పట్టడం నేర్చుకున్నది ఆ మూడు సిలిండర్ల బండి మీదే. మా చెల్లెలు అందులో ఒకతె. దానికి గాలిమర లేదనుకోండి. ఉన్న ఊపిరితోనే ఊరంతా తిరిగింది.

ఈ ముక్క చెబితే మావారు, "ఘాట్ రోడ్డెక్కితే తెలుస్తుంది" అన్నారు. 1984లో మేం అద్దె కారులో అరకు వెళ్లిన సంగతి అప్పుడు నేను గుర్తు చెయ్యాల్సొచ్చింది. అది నాలుగు సిలిండర్ల పెద్ద కారే. అనంతగిరి దాటకుండానే బానెట్టులోంచి ఆవిరి చిమ్మింది. చక్రాల వెనక రాళ్లు పెట్టి, చల్లారేదాకా గంటన్నర కూర్చున్నాం. పులిహోర అక్కడే అయిపోయింది. "ఇంజను మంచిదేనమ్మా, పొద్దున నీళ్లు చూసుకోలేదు" అని డ్రైవరు తలగోక్కున్నాడు. ఆయన మళ్లీ పేపరు విప్పారు.

* * *

ఇక అమ్మాయి చూసిన కారు దగ్గరికి వద్దాం.

యూరపులో పొగ మీద కట్టడి పెరిగిన రోజుల్లో, 2011లో, నిస్సాన్ వాళ్లు మైక్రాలో ఈ ఇంజను దించారు. 1198 సి.సి., మూడు సిలిండర్లు. గాలిమర లేని మామూలు మైక్రా ఇంజను 80 అశ్వశక్తి ఇస్తే ఇది 98 ఇచ్చింది. బలం పెరిగితే పొగ పెరగాలి కదా? తగ్గింది! కిలోమీటరుకు 115 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వదిలే చోట ఇది 95 వదిలింది. వంద లోపు కనక అప్పట్లో ఇంగ్లండులో దానికి రోడ్డు పన్ను సున్నా. కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లవాడు గుండులా ఉండాలి అన్న సామెత నిజం చేసినట్టయింది.

ఎలా చేశారంటే, 1957లో రాల్ఫ్ మిల్లర్ అనే అమెరికా ఇంజనీరు పేటెంటు తీసుకున్న ఒక కిటుకు వాడారు. గాలి పీల్చుకున్నాక తలుపు వెంటనే మూయకుండా కాస్త ఆలస్యంగా మూస్తారు. పీల్చిన దాంట్లో కొంత వెనక్కి పోతుంది. నొక్కే పని తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. మండాక తోసే దెబ్బ మాత్రం పూర్తి పొడవూ సాగుతుంది. చెరకు గడను గానుగలో చివరి చుక్కదాకా పిండినట్టు మంటలోని సత్తువంతా పిండుతారన్నమాట. వెనక్కి పోయిన గాలి లోటును సూపర్‌ఛార్జరు పూడుస్తుంది. అది రూట్స్ అన్నదమ్ముల గాలిమర వంశానిదే. 1930లో అది దెబ్బ పెంచడానికి పనికొచ్చింది. ఇక్కడ పొదుపుకి తోడు నిలిచింది. పిస్టను చుట్టూ ఉండే ఉంగరాలకు రాపిడి తగ్గేలా వజ్రంలాంటి కార్బను పూత కూడా పూశారు. ఈ సంగతి చదివాక, "చూశారా, ఇంజనుక్కూడా వజ్రాల ఉంగరాలు చేయించారు" అని ఇంట్లో ఒక మాట వేసి చూశాను. ఫలితం లేకపోయింది.

నాకు అన్నిటికంటే నచ్చింది మరొకటి. ఆ గాలిమరకు ఒక క్లచ్చి ఉంది. ఊళ్లో నెమ్మదిగా పోతున్నప్పుడు అది విడిపోయి గాలిమర ఊరుకుంటుంది. ఎత్తు వచ్చినప్పుడు, ముందున్న బండిని దాటవలసినప్పుడు అందుకుంటుంది. అవసరానికే శ్రమ, లేనప్పుడు విశ్రాంతి.

ఇంకో తమాషా. యూరపులో అమ్మిన ఆ తరం మైక్రాలు తయారైంది మద్రాసు పక్కన ఒరగడంలో. ఎన్నూరు రేవులో ఓడ ఎక్కి వెళ్లాయి. మా అమ్మాయి చదువుకున్నదీ ఆ ఊళ్లోనే. "అయితే మన వైపు పిల్లే" అన్నారు మావారు. అది ఆయన ఇచ్చిన మొదటి రాయితీ.

తరవాత తరం మైక్రాలో గాలిమర మానేసి, వదిలేసే పొగతో తిరిగే టర్బో పెట్టారు. గాలిమర తిరగాలంటే ఇంజనే బెల్టుతో తిప్పాలి. ఊదే ఓపిక కూడా ఉన్న ఓపికలోంచే తియ్యాలి. టర్బో అయితే వృథాగా పోయే పొగతోనే తిరుగుతుంది. పెద్ద పొయ్యి వెనక కంత మీద ఊరికే పోయే సెగతో స్నానానికి నీళ్లు కాచుకోవడంలాంటిది. లోకం అటే మొగ్గింది.

* * *

మరి మన్నిక సంగతి? మా వీధి చివర షెడ్డులో నలభై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్న మేస్త్రీ ఒకాయనున్నాడు. కాగితం మీద బొమ్మ గీసి ఇదంతా ఆయనకు చెప్పాను. ఓపిగ్గా విని, "సిలిండర్లు ఎన్నని అడక్కండమ్మా. ఎవరి చేతిలో ఉందో అడగండి" అన్నాడు. ఆయన చెప్పినవీ, నేను చదివినవీ కలిపి అమ్మాయికి ఒక జాబితా రాసి పంపాను. మీకూ పనికొస్తుందేమో.

ఒకటి, నూనె. చిన్న ఇంజనులో పట్టే నూనే కొద్ది, దాని మీద పడే వేడి ఎక్కువ. గడువు దాటనివ్వకూడదు. వెనకటి యజమాని ఎప్పుడెప్పుడు మార్పించాడో సర్వీసు పుస్తకంలో ఉంటుంది. పుస్తకం లేని బండి జాతకం లేని సంబంధం లాంటిది.

రెండు, చల్లారి ఉన్న ఇంజనును నీ ఎదుట స్టార్టు చేయించాలి. మొదటి క్షణాల్లో గొలుసు గలగలమంటే నూనె పట్టించుకోని బండని అనుమానించాలి. బెల్టు కీచుమనకూడదు. నిలబడినప్పుడు సన్నని వణుకు దాని పుట్టుక. కుదుపు మాత్రం జబ్బు.

మూడు, ఎత్తు మీద గట్టిగా నొక్కి చూడాలి. గాలిమర అందుకున్నప్పుడు సన్నగా ఈల వేస్తే సహజమే. గరగరమంటే వద్దు.

నాలుగు, ఇటువంటి ఇంజన్లలో పెట్రోలు తిన్నగా సిలిండర్లోకే చిమ్ముతుంది. పాతరకంలోలాగ లోపలికి వచ్చే తలుపులను పెట్రోలు కడగదు కనక వాటి మీద మసి పేరుకుంటుంది. ఇల్లూ ఆసుపత్రీ అంటూ రెండేసి మైళ్లు తిప్పి ఆపేస్తే మసీ, నూనెలో చెమ్మా పెరుగుతాయి. వారానికోసారైనా ఇంజను బాగా కాగేలా దూరం నడపాలి.

అయిదు, నీళ్లు. అరకు గుర్తుపెట్టుకో.

ఈ జాబితా పట్టుకుని అమ్మాయి అక్కడి మెకానిక్కుకు డబ్బిచ్చి కారు పరీక్ష చేయించింది. సర్వీసు పుస్తకంలో ముద్రలన్నీ ఉన్నాయి. వెనకటి యజమానురాలు రిటైరైన టీచరమ్మట. కొన్నది.

మొదటి మంచు పడిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇక్కడ తెల్లవారి పాలవాడు వచ్చి వెళ్లాక, తొమ్మిది దాటాక, తెగించి తొమ్మిదిన్నరకు ఫోను చేశాను. అక్కడ ఇంకా నాలుగు గంటలు. డ్యూటీలో కాఫీ వేళట. సాయంత్రం వచ్చేటప్పుడు కొండ ఎక్కిందిట, ఆగలేదుట.

"కారుకి నూనె మార్పించావా?" అన్నాను.

"పోయినవారమే మార్పించానమ్మా."

"నువ్వు తిన్నావా?"

కాసేపు చప్పుడు లేదు. "ఇంటికెళ్లాక తింటాలే. పాపని తీసుకొచ్చి, స్నానం చేయించి, అప్పుడు..." అంది.

మూడు సిలిండర్ల చేత నాలుగింటి చాకిరీ చేయిస్తే ఎన్నాళ్లు బతుకుతుందని ఆవేళ ఆయన అడిగిన ప్రశ్నకు నెల్లాళ్లు చరిత్ర చదివి జవాబు సంపాదించాను. వేళకు నూనె పోసి, వేడి చూసుకుని, అవసరం లేనప్పుడు క్లచ్చి వదిలేస్తే చాలాకాలం బతుకుతుంది. ఆ జవాబు కారుకే రాసి పంపానని అప్పుడు తెలిసింది.

"జాబితాలో ఆరోది రాయడం మరిచిపోయాను, ఇప్పుడు చెబుతున్నా రాసుకో" అన్నాను. "ముందు అక్కడే కూర్చుని ఏదో ఒకటి తిను. నువ్వు తిన్నదాకా నేను ఫోను పెట్టను."

డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. పక్కన వాలుకుర్చీలో పేపరు కిందికి దిగింది. "కారు బాగా నడుస్తోందిటా?" అన్నారాయన, నా మీదుగా.